ఎనిమిదో జీపు

గుత్తి కోట నీడ పొద్దుగూకితే గానీ
మా షెడ్డు దాకా రాదు.
అంతవరకూ రేకుల కింద ఉడుకుతాంటాం
నాయన, వెల్డింగు చేసే మా చిన్నమ్మ కొడుకు నబిరసూలు,
బిల్లులు రాసే నేను.

ఎండలు ముదరకముందే బెంగళూరు కంపెనీవాళ్లు
తొమ్మిది పాత జీపులు దించిపోయినారు.
నాలుగు చక్రాలూ లాగే రకం.
ఒక్కోదాని మీద ఒక్కో ఊరి దుమ్ము,
నల్లరేగడి, ఎర్రది, నాపరాళ్ల బూడిదరంగుది.
పటాలానికంట. సరిహద్దు కొండల్లో తిరగాలంట.
ఏం తీసేయాలో, ఏం తగిలించాలో
ఒక కాగితం ఇచ్చినారు.

మొదట మెరిసేదంతా పోవాల.
అద్దాల చుట్టూ వెండి పట్టీలు, బంపరు నిగనిగ,
రివర్సుకు పాడే హారన్లు,
వెనక రేకు మీద "నిదానంగా రా బామ్మర్దీ" అనే రాత.
గీకుతాంటే ఆ రాత కింద ఇంకో యజమాని పేరు,
దాని కింద ఇంకొకటి, ఎవరిదో చదవలేం,
చివరికి ఇనుము.
ఇనుము మీద వాడిన గరిక రంగు,
ఎండ తగిలితే మింగేసి ఊరుకునే రంగు.

లైట్లకు మూతలు, మూతల్లో సన్న చీలిక.
జొన్నగింజంత వెలుగు పడాల దావ మీద, అంతే.
కమాన్ కట్టలకు రెండేసి పట్టీలు ఎక్కువ.
నేలరేకు నడిమధ్య నాలుగు తూట్లు,
తుపాకీ కాలు నిలబడేదానికి.
నాయన టేపు పట్టి, సుద్దతో గుర్తు పెట్టి,
డ్రిల్లు నొక్కేముందు ప్రతిసారీ రోంత ఆగుతాడు.
"ఈడ పాలక్యాన్లు పెట్టేటోళ్లు" అంటాడు,
ఎవరితోనూ కాదు.

ఎనిమిదోదాని కింద దూరి పండుకుని
తెలిసినోళ్లు ఎదురుపడినట్టు నవ్వినాడు.
"ఇది ఊటకల్లు ఓబుళమ్మది గదా!"
ఛాసిస్ మీద తన అతుకు తనకు తెలుసు,
దారి తప్పిన చీమల బారు మాదిరి వంకర.
ఆ ఏడు కుడిచేయి కాలి, ఎడమచేత్తో వేసింది.
బోర్లన్నీ ఎండిపోయిన ఏడు.
రెండు డ్రమ్ముల నీళ్లు, పదకొండు మంది, ఒక పొట్టేలు,
అదీ దాని మోత.
సీటు చాప కింద ఇంకా చెనక్కాయ పొట్టు,
ఒక గాజుముక్క.

వెనక తలుపు పక్కన ఇనుప పిడి.
గుంతకల్లు ఆసుపత్రికి పోయే నిండు నెలల ఆడోళ్ల కోసం
నడుమెత్తుకు, కొంచెం లోపలికి వంచి
నాయనే అతికించినాడు.
దాన్ని పట్టుకునే ఎక్కింది మా చిన్నమ్మ,
నబిరసూలు కడుపులో ఉండంగా.

కాగితంలో పిడి లేదు.
"కోసేస్తా పెద్దనాయనా" అని
నబిరసూలు కట్టరు చేతికి తీసుకున్నాడు.
వాడికీ సంగతి ఎవరూ చెప్పలేదు.
నాయన విననట్టు టీకి పోయినాడు.
కట్టరు వైరు నేనే పీకినా.

తీసుకపోను వచ్చిన హవల్దారుది శ్రీకాకుళం యాస.
టార్చి వేసి ప్రతి నట్టూ తిప్పి చూసినాడు.
"ఇదేటి పిడి? మావోళ్లు ఒక్క దూకులో ఎక్కేస్తారు కదా."
"ఎక్కేటోళ్లకు కాదు సార్,
ఎక్కలేనోళ్లకు."
ఆయన టార్చి ఆర్పినాడు.
పిడి పట్టుకుని, కాళ్లు వదిలేసి,
ఒళ్లు బరువంతా దాని మీద వేసి చూసినాడు.
ఇంకేం అనకుండా తొమ్మిదోదాని దగ్గరికి పోయినాడు.

రాత్రి బిల్లు రాసినా.
తూట్లు ముప్పై ఆరు. లైటు మూతలు పద్దెనిమిది.
రంగు, కూలి, కమాన్ పట్టీలు.
పిడికెంత వేయాల నాయనా అంటే
"ఓబుళమ్మ అప్పుడే ఇచ్చింది,
తట్టెడు చెనక్కాయలు" అన్నాడు.

తీసేసిన హారన్లు గోనెసంచిలో మిగిలినాయి.
నబిరసూలు ఒకదానికి బ్యాటరీ తగిలించి చూసినాడు.
ఖాళీ షెడ్డులో రివర్సు పాట,
వెనక్కొచ్చే బండి లేకుండా.
"ఆపురా" అన్నాడు నాయన చీకట్లోనుంచి,
"బ్యాటరీ దండగ."